కణుజుల సీజన్‌లో 150-600 లెన్స్: కొన్నేళ్లు వాడాక నా మాట

హన్మకొండ నుంచి కవ్వాల్ పులుల అభయారణ్యానికి కెమెరాలతో వెళ్లే దోస్తులు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: జింకల ఫొటోలకు ఈ 150-600 జూమ్ సరిపోతుందా, లేక అప్పు చేసైనా జూమ్ లేని పెద్ద ప్రైమ్ లెన్స్ కొనాలా అని. కొన్నేళ్లుగా అడవికి వేరే లెన్స్ తీసుకెళ్లకుండా దీంతోనే తీస్తున్నాను కాబట్టి సూటిగా చెప్తా. దుప్పికి సరిపోతుంది, కణుజుకి, అదే సాంబర్ జింకకి, సగమే సరిపోతుంది.

ముందు సీజన్ సంగతి తేల్చుకోవాలి. విదేశీ వీడియోలు చూసి, అక్టోబర్ రాగానే దుప్పులు కొమ్ములు కలబెట్టి కొట్లాడుకుంటాయని బయల్దేరేవాళ్లు చాలామంది ఉన్నారు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో జతకట్టేవి యూరప్ ఎర్రజింకలు. మన చుక్కల దుప్పి ఏడాది పొడుగునా జతకడుతుంది, జోరు మాత్రం ఎండాకాలంలో; అందుకే ఒకే మందలో ఒక మగదానికి గట్టిపడిన కొమ్ములుంటే పక్కదానికి ఇంకా మెత్తటి నూగుతోలు కప్పిన లేతకొమ్ములు కనిపిస్తాయి. చలి మొదలయ్యాక మదమెక్కి తిరిగేది కణుజు. నవంబర్, డిసెంబర్ దాని నెలలు. వానలకు జూలై నుంచి సెప్టెంబర్ దాకా మూసిన సఫారీ అక్టోబర్‌లో తెరుస్తారు కాబట్టి మనకూ టైమ్ కలిసొస్తుంది.

ఈ లెన్స్‌లో నాకు బాగా నచ్చింది దూరం. క్రాప్ సెన్సర్, అంటే చిన్న సెన్సర్ ఉన్న కెమెరా మీద 600 ఎంఎం అంటే దాదాపు 900 ఎంఎం లెక్క, కాబట్టి జీపు చాలా దూరంలో ఆగినా ఫ్రేమ్ నిండుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా కణుజు తన పని తాను చేసుకుంటుంది. జన్నారం వైపు ఒక కుంట దగ్గర చూశాను, మగది బురదలో పొర్లి లేచి, ముందుకాళ్లు పైకెత్తి వెనుకకాళ్ల మీద నిలబడి, పైనున్న కొమ్మకు మొహం రుద్దుతోంది, అది తన వాసన అంటించే పద్ధతి. మెడ జూలు మీద బురద ఆరుతూ పగుళ్లివ్వడం, గొంతు కింద వెంట్రుకలు ఊడిన ఎర్రటి మచ్చ, అన్నీ వ్యూఫైండర్‌లో స్పష్టంగా కనిపించాయి. అంతలో ఆడది పక్క పొదలోంచి మా దగ్గరగా దాటితే చటుక్కున 200కి తగ్గించి రెండింటినీ ఒకే ఫ్రేమ్‌లోకి తెచ్చుకున్నా. ప్రైమ్ ఉంటే ఆ ఫొటో లేదు.

ఇక బాధ పెట్టేది వెలుతురు. కణుజు నీళ్లకు వచ్చేదే పొద్దు గూకే వేళ, లేదంటే తెల్లారకముందు. 600 దగ్గర లెన్స్ కన్ను ఎఫ్ 6.3 కంటే తెరుచుకోదు (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ), ఎఫ్ 4తో పోలిస్తే సగానికి పైగా వెలుతురు పోయినట్టే. అసలే మదకాలంలో మగది నల్లబడి ఉంటుంది, దానికి తోడు టేకుచెట్ల నీడ. నిలబడ్డ జంతువుకే షట్టర్ 1/500 సెకను పెడదామంటే ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం, పెంచితే ఫొటో గరుకవుతుంది) 6400 దాటిపోతుంది, కొట్లాటకైతే 1/1000 లేకుండా లాభం లేదు. ఆ మసక వెలుగులో ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. వానల తర్వాత నిలువెత్తు గడ్డి ఇంకో అడ్డం, ఫోకస్ పోయి గడ్డిపోచ మీద కూర్చుంటుంది. ఫోకస్‌కు సింగిల్ పాయింట్ పెట్టి జంతువు కంటి మీదే ఉంచండి, దగ్గరి వస్తువుల మీద ఫోకస్ వెతకకుండా ఆపే లిమిటర్ స్విచ్ దూరం వైపు తిప్పండి, చాలా తేడా వస్తుంది. 600 చివరిదాకా పోకుండా 550 దగ్గర ఆగితే నా లెన్స్‌లో షార్ప్‌నెస్ మెరుగ్గా ఉంది.

రెండు కిలోల బరువు గురించి భయపడకండి. జీపులో ట్రైపాడ్ వేసే జాగా ఎటూ ఉండదు, గుడ్డసంచిలో బియ్యం పోసి కుట్టించుకుని జీపు రాడ్ మీద పెడితే లెన్స్ కదలదు. ఇంజన్ మాత్రం ఆగాలి. "బండి బంద్ చేస్తున్న అన్నా, కదలకుండ్రి" అని మా డ్రైవర్ ముందే చెప్తాడు, అలాంటి డ్రైవర్ దొరికితే వదలకండి.

ఎండాకాలం దుప్పులకైతే వెలుతురుకు కొదవ లేదు, కానీ పొద్దెక్కాక వేడిగాలి ఊగి దూరపు ఫొటోలన్నీ అలలు పడ్డట్టు వస్తాయి. అది లెన్స్ లోపం కాదు, ఎంత ఖరీదైనది పెట్టినా అంతే. పొద్దున్నే తీసేయాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ఫోన్‌లో జింక అరుపులు వినిపించి మగదాన్ని రప్పించడం, ఫ్లాష్ కొట్టడం, ఇవి దయచేసి చేయకండి. కణుజు కాలు నేలకు కొట్టి, తోక లేపి, మీవైపే చూస్తూ గట్టిగా అరిచిందంటే బండి వెనక్కి తీయించండి.

నిర్వహణ విషయానికొస్తే, లెన్స్ కిందికి వేలాడితే జూమ్ దానంతటదే జారుతుంది, నడిచేటప్పుడు లాక్ వేయాలి. ముందు గాజు 95 ఎంఎం కాబట్టి ఫిల్టర్ ధర ఎక్కువే. వానాకాలంలో గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెడుతున్నా, ఇంతవరకు ఫంగస్ పట్టలేదు.

దుప్పులు, మనుబోతులు, అప్పుడప్పుడు కణుజు తీసేవాళ్లు ఇదే కొనండి. కణుజుల కొట్లాట మీదే మనసున్నవాళ్లు కూడా ప్రైమ్ కొనక్కర్లేదు, హైదరాబాద్‌లో ఎఫ్ 4 లెన్స్ అద్దెకిచ్చే షాపులున్నాయి, నవంబర్‌లో ఒక వారానికి తెచ్చుకుంటే ఆ పని అయిపోతుంది.