సర్వర్ కంపెనీ సపోర్ట్ ఆపేస్తే: సర్వర్ మార్చాలా, హైపర్‌వైజర్ మార్చాలా?

సర్వర్ బాగానే నడుస్తుంటుంది. మెమరీ చాలినంత ఉంది, డిస్కులు నిరుడే మార్చారు, ప్రాసెసర్‌ని సగం కూడా వాడటం లేదు. అలాంటి సమయంలో తయారీ కంపెనీ నుంచి ఒక మెయిల్ వస్తుంది: మీరు వాడుతున్న హైపర్‌వైజర్ తర్వాతి వెర్షన్‌కి ఈ మోడల్‌ను సర్టిఫై చేయడం లేదు. హైపర్‌వైజర్ అంటే ఒకే సర్వర్‌ను చాలా కంప్యూటర్లుగా పంచి నడిపే సాఫ్ట్‌వేర్; అలా పంచిన ఒక్కోదాన్ని వీఎం (వర్చువల్ మెషీన్) అంటారు. ఆ పెట్టె మీద నలభై వీఎంలు ఉన్నాయి. బిల్లింగ్ అక్కడే, మెయిల్ అక్కడే, డేటాబేస్ అక్కడే. టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

ఏం చేయాలని అడిగితే చాలామంది వెంటనే ఒక హైపర్‌వైజర్ పేరు చెబుతారు. దానికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అసలు ఆగిపోయింది ఏది? సపోర్ట్ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులు కలిసి ఉన్నాయి. బయోస్ (సర్వర్‌ను లేపే ప్రోగ్రాం), రెయిడ్ కార్డు (డిస్కులను కలిపి నడిపేది), నెట్‌వర్క్ కార్డుల్లోని లోపాలు సరిచేసే ఫర్మ్‌వేర్, అంటే హార్డ్‌వేర్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్, ఒకటి. ఆ కార్డులతో హైపర్‌వైజర్ మాట్లాడటానికి కావాల్సిన డ్రైవర్ మరొకటి. ఇక రాత్రి రెండింటికి హోస్ట్ (వీఎంలను మోసే సర్వర్) పడిపోతే ఫోన్ ఎత్తి, ఇది మా పనే అని ఒప్పుకునే మనిషి మూడోది. ఈ మూడూ ఒకే రోజు ఆగిపోవు. ఏది ఆగిందన్న దాన్ని బట్టే ఏ దారి మేలో తేలుతుంది.

సర్టిఫికేషన్ ఎలా జరుగుతుందో తెలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఈఎస్‌ఎక్స్‌ఐ అనే హైపర్‌వైజర్‌ను తయారుచేసే వీఎంవేర్ కంపాటిబిలిటీ లిస్టులో (దానితో నడిచే హార్డ్‌వేర్ జాబితా) ఒక సర్వర్ పేరు ఉందంటే, ఆ సర్వర్ కంపెనీ తన ఖర్చుతో పరీక్షలు నడిపి ఫలితాలు పంపిందని అర్థం. ఆరేడేళ్ల కిందట అమ్మిన మోడల్ కోసం ఆ ఖర్చు మళ్లీ పెట్టడానికి కంపెనీకి కారణం కనిపించదు. డెల్, హెచ్‌పీఈ, లెనోవో వంటి కంపెనీలు తమ డ్రైవర్లు కలిపి ఇచ్చే ప్రత్యేక ఈఎస్‌ఎక్స్‌ఐ ఇమేజ్‌ల సంగతీ అంతే. అంటే లిస్టులో పేరు లేనంత మాత్రాన ఆ సర్వర్ మీద అది నడవదని కాదు. నడుస్తుందని ఎవరూ మాట ఇవ్వరు, అంతే. కొన్నిసార్లు నిజంగానే నడవదు కూడా. 2020లో వచ్చిన ఈఎస్‌ఎక్స్‌ఐ 7, పాత లినక్స్ డ్రైవర్లను నడిపించే పొరను పూర్తిగా తీసేసింది. దానితో ఎన్నో పాత కార్డులు ఒక్కసారిగా కనబడకుండా పోయాయి. ఈఎస్‌ఎక్స్‌ఐ 8 వచ్చేసరికి మెల్లనాక్స్ కనెక్ట్‌ఎక్స్-3 నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్ కూడా పోయింది. అదే కార్డు లినక్స్ కెర్నెల్‌లో (హార్డ్‌వేర్‌తో మాట్లాడే లినక్స్ మూల భాగం) ఈనాటికీ పనిచేస్తుంది. ఈ చివరి విషయం గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

లైసెన్సుల గొడవ దీనికి తోడైంది. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నది. ఆ డిసెంబర్‌కే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి అంతా సబ్‌స్క్రిప్షన్‌కి మార్చింది. 2024 జనవరిలో డెల్, వీఎంవేర్‌తో తనకున్న అమ్మకాల ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. అంతకుముందే 2023లో సిస్కో తన హైపర్‌ఫ్లెక్స్ వ్యవస్థను (సర్వర్, స్టోరేజ్ కలిపి అమ్మే పెట్టె) నిలిపేస్తున్నట్టు చెప్పి సొంత హైపర్‌వైజర్ ఉన్న న్యూటానిక్స్‌తో చేతులు కలిపింది. సర్వర్, హైపర్‌వైజర్, సపోర్ట్ అన్నీ ఒకే బిల్లులో, ఒకే ఫోన్ నంబర్‌తో కొనుక్కున్న వాళ్లకు ఆ ఏర్పాటు విడిపోయింది.

విడిపోతే ఏమవుతుందో నేను అనుభవించాను. కొన్నేళ్ల కిందట మూడు హోస్టుల క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) చూసేవాణ్ని. రెయిడ్ కార్డు ఫర్మ్‌వేర్ కొత్తది, డ్రైవర్ పాతది. వారానికోసారి ఏదో ఒక హోస్ట్‌కి స్టోరేజ్ కనిపించకుండా పోయేది. సర్వర్ కంపెనీ వాళ్లు హైపర్‌వైజర్ వాళ్లను అడగమన్నారు. హైపర్‌వైజర్ వాళ్లు ఈ ఫర్మ్‌వేర్, ఈ డ్రైవర్ జత మా లిస్టులో లేదన్నారు. పదకొండు రోజులు ఇద్దరి మధ్యా నలిగాం. చివరికి ఫర్మ్‌వేర్‌ను పాత వెర్షన్‌కి దించితే ఆగింది. ఆ పదకొండు రోజుల్లో ఫర్మ్‌వేరూ ఉంది, డ్రైవరూ ఉంది. బాధ్యత తీసుకునే మనిషే లేడు.

ఏమీ మార్చకుండా ఉండిపోవడం

ఇది చవకగా కనిపిస్తుంది కాబట్టి ముందు దీని సంగతి. పాత వెర్షన్ మీదే ఉండిపోయి, కావాలంటే ఏదైనా మూడో కంపెనీకి నిర్వహణ అప్పగించడం. చెడిపోయిన డిస్క్, పవర్ సప్లై మార్చడానికి మూడో కంపెనీలు బాగానే పనికొస్తాయి. కానీ హైపర్‌వైజర్ కోడ్‌లో రంధ్రం పడితే పూడ్చాల్సింది దాన్ని రాసినవాళ్లే. ఈఎస్‌ఎక్స్‌ఐ 7కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 2తో ముగిసింది. 8కి 2027 అక్టోబర్ 11 వరకు ఉంది.

2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్‌ఐ‌ఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ వేల సర్వర్లలో వీఎం ఫైళ్లను తాళం వేసింది. అది వాడుకున్న లోపానికి మందు 2021 ఫిబ్రవరిలోనే వచ్చింది. రెండేళ్లు వేసుకోని వాళ్లే దొరికిపోయారు. 2025 మార్చిలో ఇంకా పెద్ద ప్రమాదం బయటపడింది. వీఎం లోపలి నుంచి గోడ దూకి హోస్ట్‌ను చేరుకునే వీలిచ్చే మూడు లోపాలకు ప్యాచ్‌లు ఇస్తూ, వాటిని అప్పటికే దాడుల్లో వాడుతున్న సమాచారం ఉందని బ్రాడ్‌కామే చెప్పింది. మందు దొరకని వెర్షన్ మీద ఉంటే ఇలాంటి రోజున చేతిలో ఏమీ ఉండదు.

మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌ను పూర్తిగా వేరు చేసి, బ్యాకప్‌ను వేరే చోట పెట్టుకుని, ఆరు నెలలో ఏడాదో గడపడానికైతే ఒప్పుకుంటాను. ముగింపు తేదీ క్యాలెండర్‌లో రాసుకున్నప్పుడే ఇది ఒక దారి. తేదీ లేకపోతే అది వాయిదా మాత్రమే.

బూట్ అయ్యేటప్పుడు ఒక ఆప్షన్ టైప్ చేసి, లిస్టులో లేని పాత ప్రాసెసర్ మీద ఈఎస్‌ఎక్స్‌ఐ 8 ఎక్కించే ఉపాయం ఉంది. ల్యాబ్‌కి సరే. జీతాలు లెక్కకట్టే సర్వర్ మీద వద్దు.

కొత్త సర్వర్, అదే హైపర్‌వైజర్

ఇది అన్నిటికన్నా మీ టీమ్‌కు సులభమైన దారి. వీస్పియర్ (ఈఎస్‌ఎక్స్‌ఐ, దాన్ని నడిపే పనిముట్లు కలిసిన వీఎంవేర్ ఉత్పత్తి) తెలిసిన చేతులు వీస్పియర్‌లోనే ఉంటాయి. కొత్త హోస్ట్‌ను పక్కన పెట్టి, నడుస్తున్న వీఎంలను వీమోషన్‌తో (ఆపకుండానే వీఎంను మరో హోస్ట్‌కి మార్చే ఫీచర్) జరిపేస్తే వాడేవాళ్లకు తెలియను కూడా తెలియదు. ఆగిపోయిన మూడూ ఒకేసారి తిరిగొస్తాయి.

బరువంతా డబ్బు దగ్గరే. సబ్‌స్క్రిప్షన్ లెక్క కోర్ల మీద నడుస్తుంది, ఒక్కో ప్రాసెసర్‌కి కనీసం 16 కోర్ల చొప్పున కట్టాలి. ఎనిమిది కోర్ల ప్రాసెసర్ పెట్టుకున్నా 16కే బిల్లు. కాబట్టి పాత మూడు సర్వర్ల బదులు కొత్తవి కొనేటప్పుడు, తక్కువ సాకెట్లు (ప్రాసెసర్ పెట్టే చోట్లు), ఒక్కో కోర్‌కి ఎక్కువ వేగం ఉన్నవి చూసుకోవాలి. ఇంతకాలం మనం కొన్న పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు. వీఎంవేర్ స్టోరేజ్, నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్లైన వీశాన్, ఎన్‌ఎస్‌ఎక్స్ నిజంగా వాడేవాళ్లకు, వందల వీఎంలు ఉన్నవాళ్లకు, తమ సాఫ్ట్‌వేర్‌కి వీఎంవేర్ తప్ప ఇంకోటి ఒప్పుకోబోమని అప్లికేషన్ కంపెనీ రాసిచ్చినవాళ్లకు ఇదే మేలు. మూడు హోస్టులు, సాదా వీఎంలు ఉన్నవాళ్లు మాత్రం తాము వాడని వాటికి డబ్బు కడుతున్నారు.

సర్వర్ అదే, హైపర్‌వైజర్ కొత్తది

నా మొగ్గు ఇటే, కారణం పైన చెప్పిన కనెక్ట్‌ఎక్స్-3 కార్డు. ఆగిపోయింది డ్రైవర్ అయితే, ఆ డ్రైవర్ బతికి ఉన్న చోటికి వెళ్లడమే సరైన జవాబు. కేవీఎం అనే హైపర్‌వైజర్ 2007 నుంచి లినక్స్ కెర్నెల్‌లో భాగం. కెర్నెల్ గుర్తించే పాత హార్డ్‌వేర్ అంతా దానికీ అందుతుంది. అయితే లినక్స్ అన్నీ ఒకటి కావు. రెడ్ హ్యాట్ తన 8వ వెర్షన్‌లో కొన్ని పాత రెయిడ్ కార్డులకు సపోర్ట్ తీసేసింది, 9, 10లలో ప్రాసెసర్ కనీస స్థాయిని పెంచుతూ పోయింది. డెబియన్ ఈ విషయంలో చాలా ఉదారం. అందుకే డెబియన్ మీద కట్టిన, కేవీఎంను వాడే ప్రాక్స్‌మాక్స్ పాత సర్వర్లకు బాగా కుదురుతుంది.

ప్రాక్స్‌మాక్స్‌ను తయారుచేసేది వియన్నా కంపెనీ, ఈ హైపర్‌వైజర్ 2008 నుంచి ఉంది. డబ్బు కట్టకపోయినా అన్ని ఫీచర్లూ వస్తాయి. కడితే లెక్క ప్రాసెసర్ సాకెట్ల మీద, కోర్ల మీద కాదు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి ఈఎస్‌ఎక్స్‌ఐలోని వీఎంలను నేరుగా లాగేసుకునే విజార్డ్ ఉంది. అదే ఏడాది ఆగస్టులో వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా దీనికి సపోర్ట్ ఇవ్వడంతో, బ్యాకప్ ఎలా అన్న పెద్ద అభ్యంతరం తొలగింది.

దీని బలహీనత షేర్డ్ స్టోరేజ్. ఒకే శాన్ స్టోరేజ్‌ను (నెట్‌వర్క్ మీద వేరుగా ఉండే డిస్కుల పెట్టె) అన్ని హోస్టులూ కలిసి వాడుకునేందుకు వీఎంవేర్‌కి వీఎంఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉంది. ప్రాక్స్‌మాక్స్‌లో దానికి సరిసమానం లేదు. శాన్‌కి కలిపే ఐస్కజీ లేదా ఫైబర్ ఛానెల్ మీద, డిస్కులను భాగాలు చేసే లినక్స్ పద్ధతి ఎల్‌వీఎం పెట్టుకోవాలి. అందులో స్నాప్‌షాట్లు (వీఎం ఆ క్షణపు స్థితిని దాచే కాపీలు) 2025 ఆగస్టులో వచ్చిన 9వ వెర్షన్ వరకు లేనే లేవు, ఆ వెర్షన్‌లో కూడా ప్రయోగ దశలోనే వచ్చాయి. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) స్టోరేజ్ ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. లోకల్ డిస్కుల మీద జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ పెట్టాలనుకుంటే రెయిడ్ కార్డును హెచ్‌బీఏ మోడ్‌కి (డిస్కులను కలపకుండా నేరుగా చూపించేది) మార్చగలరో లేదో ముందే చూసుకోండి. రెండు హోస్టుల క్లస్టర్ అయితే మూడో ఓటు కోసం ఒక చిన్న మెషీన్ తప్పనిసరి, లేకపోతే ఒకటి పడిపోగానే రెండోది కోరం (మెజారిటీ ఓట్లు) లేక ఆగుతుంది.

ఫోన్ ఎత్తే మనిషి సంగతి? సర్వర్ కంపెనీల లిస్టుల్లో ఎక్కువగా కనిపించేవి విండోస్ సర్వర్, రెడ్ హ్యాట్, సుసే, ఉబుంటు. ప్రాక్స్‌మాక్స్ మీద మెమరీ లోపం వచ్చిందంటే ముందు మీ ఓఎస్ సంగతి చూసుకోమంటారు. నేను చేసేది ఇది: ఉబుంటు లైవ్ యూఎస్‌బీ ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాను. లోపాన్ని దాని మీద చూపిస్తే వాదన అక్కడితో ఆగుతుంది. వారంటీ లేని పాత సర్వర్ అయితే ఇంకో సంగతి. హెచ్‌పీ (ఇప్పటి హెచ్‌పీఈ) 2014లో ప్రోలయంట్ సర్వర్ల బయోస్ అప్‌డేట్లను వారంటీ లేదా కాంట్రాక్ట్ ఉన్నవాళ్లకే ఇవ్వడం మొదలుపెట్టింది. కాబట్టి కాంట్రాక్ట్ ముగిసేలోపే చివరి ఫర్మ్‌వేర్ అంతా దించుకుని, వేసుకుని, ఒక కాపీ దాచుకోవాలి. హైపర్‌వైజర్ ఏదైనా ఫర్మ్‌వేర్ లేని లోటును తీర్చలేదు. ఆగిపోయింది ఫర్మ్‌వేరే అయితే ఈ దారి కూడా రెండు మూడేళ్ల మాటే.

విండోస్ వీఎంలే ఎక్కువగా ఉన్నవాళ్లు మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ హైపర్-వీని తీసిపారేయకూడదు. విండోస్ సర్వర్ డేటాసెంటర్ లైసెన్స్ ఇప్పటికే కొని ఉంటే అది మీ చేతిలో ఉన్నట్టే. ఉచితంగా దొరికే హైపర్-వీ సర్వర్ 2019తో ఆగిపోయిందన్న మాట విని హైపర్-వీయే పోయిందనుకునేవాళ్లు ఉన్నారు. కాదు, విండోస్ సర్వర్ 2025లోనూ అది ఉంది. పాత సర్వర్‌కి విండోస్ సర్వర్ 2022 డ్రైవర్లు దొరికితే 2031 అక్టోబర్ వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. పాత హార్డ్‌వేర్ ఆయుష్షు కన్నా అది ఎక్కువే.

ఎక్స్‌సీపీ-ఎన్‌జీ అనే ఇంకో హైపర్‌వైజర్ కూడా మంచి సాఫ్ట్‌వేర్. వీఎంవేర్ నుంచి తక్కువ అంతరాయంతో జరిపే పద్ధతి అందులో ఉంది. కానీ వీఎం డిస్కులు దాచే వీహెచ్‌డీ ఫార్మాట్‌లో ఒక్కో డిస్క్ 2 టీబీ దాటదు, పెద్ద ఫైల్ సర్వర్లు ఉంటే ఇదే ముందు తగులుతుంది. న్యూటానిక్స్ కూడా బాగుంటుంది గానీ దానికీ తన హార్డ్‌వేర్ లిస్టు ఉంది, పాత సర్వర్‌ను కాపాడుకోవడం దాని ఉద్దేశం కాదు. 2024లో క్లౌడ్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ కంపెనీ మార్ఫియస్‌ను కొన్నాక హెచ్‌పీఈ తన సొంత కేవీఎం హైపర్‌వైజర్‌ను తెచ్చింది. డ్రైవరూ ఫోనూ మళ్లీ ఒకే గూటికి చేరతాయన్న ఆశ అందులో ఉంది. ఆ గూడు మళ్లీ ఒకే కంపెనీది అవుతుందన్న సంగతి కూడా ఆలోచించుకోవాలి. ఇక అన్నీ క్లౌడ్‌కి జరపడం అన్నది వేరే ప్రశ్న. ఒక సర్వర్ మోడల్ సపోర్ట్ ఆగిందన్న తొందరలో తీసుకునే నిర్ణయం కాదది.

హైపర్‌వైజర్ మార్చాలని నిర్ణయించుకున్నవాళ్లకు నాలుగు మాటలు. విండోస్ వీఎంని జరపడానికి ముందే అందులో కేవీఎం వీఎంలు వాడే వర్ట్‌ఐఓ డ్రైవర్లు ఎక్కించాలి, లేదా మొదట సాటా డిస్క్‌గా బూట్ చేసి తర్వాత మార్చాలి. లేకపోతే బ్లూ స్క్రీన్ పలకరిస్తుంది. వీఎం లోపల ఉండే వీఎంవేర్ టూల్స్‌ను పాత హోస్ట్ మీద ఉండగానే తీసేయాలి, జరిపాక తీయబోతే మొండికేస్తుంది. స్నాప్‌షాట్లన్నీ ముందే కలిపేయాలి. లినక్స్ వీఎంలలో నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోతుంది. నిన్నటి వరకు ఈఎన్‌ఎస్192గా ఉన్నది ఈఎన్‌ఎస్18గా లేస్తుంది, ఐపీ అడ్రస్ పాత పేరుకే అంటుకుని ఉంటుంది. వీఎం నడుస్తూనే ఉంటుంది కానీ ఎవరికీ దొరకదు. ప్రాసెసర్ తరాలు వేర్వేరుగా ఉన్న హోస్టులైతే వీఎం సీపీయూ టైప్‌ని హోస్ట్ అని పెట్టకండి, లైవ్ మైగ్రేషన్‌లో పడిపోతుంది.

క్లస్టర్‌లో ఒక హోస్ట్‌ను ఖాళీ చేసి కొత్త హైపర్‌వైజర్ వేయండి. ముందుగా ప్రింట్ సర్వర్‌నో, టెస్ట్ వీఎంనో తీసుకెళ్లి, బ్యాకప్ నుంచి ఒకసారి పూర్తిగా రిస్టోర్ చేసి చూడండి. ఒక డిస్క్‌ను నడుస్తుండగానే లాగి, అలర్ట్ మెయిల్ వస్తుందో లేదో చూడండి. పాత ఏర్పాటులో ఆ మెయిల్ పంపింది సర్వర్ కంపెనీ ఇచ్చిన ఇమేజ్‌లోని ఏజెంట్ అయి ఉండొచ్చు, కొత్త దానిలో అది ఉండదు. ఆ పని సర్వర్‌లోనే ఉండే నిర్వహణ చిప్‌కి, అంటే డెల్ ఐడ్రాక్‌కో హెచ్‌పీఈ ఐలోకో అప్పగించి, రెండోసారి డిస్క్ లాగి మెయిల్ అందిన తర్వాతే బిల్లింగ్ వీఎం జోలికి వెళ్లండి.