పాలపళ్ళకు ఏ పేస్టు మేలు: ఫ్లోరైడ్ ఉన్నదా, లేనిదా?

మొదటి పన్ను తొంగిచూడగానే ఏ పేస్టు కొనాలి? ఫ్లోరైడ్ ఉన్నది పెట్టొచ్చా? మింగేస్తే ఎలా? నన్ను అడుగుతున్నవాళ్ళందరూ ఈ ప్రశ్నలనే అటూ ఇటూ మార్చి అడుగుతున్నారు. మా చిన్నదానికి ఈమధ్యే కింది పళ్ళు రెండు వచ్చాయి కాబట్టి నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. పన్ను రాగానే తోమడం మొదలుపెట్టాలనీ, ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా అని వదిలేయకూడదనీ మీకు తెలుసు. ఆ పాఠం మళ్ళీ చెప్పను.

బ్రష్ గురించి పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. రెండే పళ్ళు ఉన్నన్నాళ్ళు తడిపిన మెత్తటి నూలుగుడ్డ సరిపోతుంది. సిలికాన్ వేలి బ్రష్ చిగుళ్ళు సలిపే పిల్లలకు హాయిగా ఉంటుంది, కాని దాని బొడిపెలు పన్నూ చిగురూ కలిసే అంచులోకి సరిగ్గా పోవు. పైపళ్ళు కూడా వచ్చాక మన వేలికే కాట్లు పడతాయి. పుచ్చు తరచుగా మొదలయ్యేది ఆ అంచులోనే కాబట్టి, పైపళ్ళు వచ్చేసరికి చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్‌కి మారిపోండి. కంపెనీ ఏదైనా ఒకటే.

అసలు తగువు పేస్టు దగ్గరే. షాపులో దొరికేవి మూడు రకాలు. ఫ్లోరైడ్ అసలు లేనివి, డబ్బా మీద 'మింగినా ఫర్వాలేదు' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. సుమారు 500 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ళలో 500 పాళ్ళు) ఫ్లోరైడ్ ఉండే 'పిల్లల పేస్టులు'. ఆపైన 1000 పీపీఎం ఉన్నవి. మన దేశంలో టూత్‌పేస్టులో ఉండదగ్గ గరిష్ఠ పరిమితి అదే. పీపీఎం ఎంతో ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో వేస్తారు, కొనేముందు అది చూడండి. ముందువైపు బొమ్మ ఏనుగుదా కుందేలుదా అన్నదాన్ని బట్టి లోపలి సరుకు తెలియదు.

ఫ్లోరైడ్ లేని పేస్టు వైపు బలమైన కారణమే ఉంది. ఏడాది పిల్లకు ఉమ్మడం రాదు, పెట్టిందల్లా మింగుతుంది. పాలపళ్ళ వెనక దవడలో శాశ్వత పళ్ళు అప్పటికే తయారవుతుంటాయి. వాటిలో ముందు పళ్ళ ఎనామిల్‌కి, అంటే పంటి మీది గట్టి పొరకి, మొదటి మూడు, నాలుగేళ్ళు కీలకం. ఆ సమయంలో కడుపులోకి ఎక్కువ ఫ్లోరైడ్ పోతే, ఆరేడేళ్ళకు వచ్చే పళ్ళ మీద తెల్లటి మచ్చలు, మరీ ఎక్కువైతే గోధుమరంగు గారలు కనిపిస్తాయి. ఇది భయపెట్టడానికి అల్లిన కథ కాదు.

మా అత్తగారిది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ అన్న మాట వినగానే ఆవిడ ముఖం మారిపోతుంది. "మా ఊళ్ళో నడుములు వంగిపోయిన మనుషుల్ని చూశాను. దాన్ని తెచ్చి పసిదాని నోట్లో పెడతావా?" అని అడిగారు. ఆ మాటను తీసిపారేయలేం. 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బును డాక్టర్లు గుర్తించి రాశారు. నీళ్ళలోంచి పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది. కానీ అక్కడ మనుషుల్ని వంచింది పేస్టు కాదు, బోరు నీళ్ళు. ఏళ్ళ తరబడి అవే తాగి, వాటితోనే వండుకుని తిన్నందుకు వచ్చిన జబ్బు అది.

ఇప్పుడు రెండోవైపు. నోట్లో తీపి చేరిన ప్రతిసారీ సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లం పంటి మీది ఖనిజాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. లాలాజలంలో ఫ్లోరైడ్ ఉంటే కరిగిన కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి పంటిలోకి చేరడం తేలికవుతుంది. అలా కొత్తగా గట్టిపడ్డ పొర ఆమ్లానికి ముందంత త్వరగా లొంగదు. ఈ పనంతా పంటి పైనే జరుగుతుంది, మింగితే వచ్చే లాభం చాలా తక్కువ. పాలపళ్ళ ఎనామిల్ శాశ్వత పళ్ళదానిలో దాదాపు సగం మందమే కాబట్టి పుచ్చు పట్టిందంటే లోపలికి దిగడానికి ఎంతో కాలం పట్టదు. ఫ్లోరైడ్ లేని పేస్టు రుద్దినా పంటి మీది పాచి పోతుంది, అబద్ధమేం కాదు. అయితే ఆ పని తడి బ్రష్ కూడా చేస్తుంది. 'మింగినా ఫర్వాలేదు' అన్నదాంట్లో మనం డబ్బిచ్చి కొంటున్నది చాలావరకు రుచీ, నురగా మాత్రమే.

అంటే ఫ్లోరైడ్‌తో లాభం పంటి మీద ఉంటే, నష్టం కడుపులోకి పోయేదాంట్లో ఉంది. నాకు ఇక్కడే తేలింది, అసలు చూడాల్సింది ఎంత పెడుతున్నామన్నది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2014 నుంచి చెబుతున్న కొలత ఇది: మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళకు బఠాణీ గింజంత. బియ్యపు గింజ అంటే పచ్చి గింజ, ఉడికిన మెతుకు కాదు. అది కూడా కుచ్చు మీద పొడుగ్గా నిలబెట్టకుండా, లోపలికి అద్దాలి.

లెక్క వేసి చూడండి. 1000 పీపీఎం అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బియ్యపు గింజంత పేస్టు సుమారు 0.1 గ్రాము, అంటే 0.1 మిల్లీగ్రాము. రోజుకు రెండుసార్లు తోమి, మొత్తం మింగేసిందనుకున్నా 0.2. మన తాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. ఆ 1.5 ఉన్న నీళ్ళు అరలీటరు తాగినా, డబ్బాపాలలో కలిపినా, ఉగ్గు కాచినా 0.75 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. పేస్టుకు దాదాపు నాలుగు రెట్లు! అదే ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడుగునా అలలాగా పిండితే సుమారు గ్రాము పేస్టు పడుతుంది, ఒక్క దెబ్బకు 1 మిల్లీగ్రాము.

కాబట్టి పేస్టు కొనేముందు ఇంట్లో ఏ నీళ్ళు తాగుతున్నారో చూడాలి. హైదరాబాద్‌లో కృష్ణా, గోదావరి నీళ్ళు వచ్చే ఇంట్లోనో, ఆర్వో నీళ్ళు తాగే ఇంట్లోనో అయితే నా ఓటు 1000 పీపీఎంకే, బియ్యపు గింజంత. మేం ఎంచుకున్నదీ అదే. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లాంటి చోట్ల ఇంకా బోరు నీళ్ళే తాగుతుంటే ముందు నీటి పరీక్ష చేయించండి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో చేస్తారు. ఫ్లోరైడ్ 1.5 దాటితే పిల్లకు తాగే నీళ్ళు మార్చడం మొదటి పని, అది కుదిరేవరకు ఫ్లోరైడ్ లేని పేస్టే న్యాయం. ఒక మాట మరిచిపోవద్దు, కాచి చల్లార్చినంత మాత్రాన నీళ్ళలో ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది కూడా.

కొన్ని ట్యూబుల మీద చిన్న పిల్లలకు వాడొద్దని, డాక్టర్ని అడిగి వాడమని ఉంటుంది. అది చూసి టెన్షన్ పడకుండా పిల్లల దంతవైద్యుల్ని అడిగి మొదలుపెట్టండి. ఎలాగూ మొదటి పుట్టినరోజులోపు ఒకసారి చూపించాలి. ట్యూబు మాత్రం పిల్లకు అందని ఎత్తులో ఉంచాలి, స్ట్రాబెర్రీ వాసన ఉన్నదైతే మరీను.

500 పీపీఎం పేస్టు మధ్యేమార్గంలా కనిపిస్తుంది కాని, పుచ్చును ఆపుతుందన్న రుజువు 1000కి ఉన్నంత గట్టిగా దీనికి లేదు. అది కొని, పిల్లలదే కదా అని రెండింతలు పెట్టేకన్నా 1000ది కొలతగా పెట్టడం నయం. పంటిలో ఉండే ఖనిజం లాంటిదే కలిపిన హైడ్రాక్సీఅపటైట్ పేస్టులు కొత్తగా వస్తున్నాయి, ఆశ కలిగించేవే కాని ఖరీదెక్కువ. పళ్ళపొడి, ఉప్పు, బొగ్గు ఏడాది పిల్లకు వద్దే వద్దు.

ఏ పేస్టు కొన్నా రాత్రిపూట తోమకపోతే సగం డబ్బు వృథా. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, సీసా నోట్లో పెట్టుకుని పడుకునే పిల్లకు పాలు పైపళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. కిందిపళ్ళను నాలుక కాస్త కాపాడుతుంది, అందుకే సీసా పుచ్చు ముందు పైపళ్ళనే పడుతుంది. స్నానం చేయించేటప్పటిలా కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, పైపెదవి ఎత్తి చూడండి. చిగురు పక్కన సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తే అదే పుచ్చుకు మొదటి గుర్తు, అప్పుడే చూపిస్తే దాన్ని అక్కడే ఆపొచ్చు. పాలలో పంచదార, పటికబెల్లం కలిపే అలవాటుంటే మాన్పించండి. చనుపాలు తాగే పిల్లకు రాత్రి పాలు మాన్పించే పని లేదు, పడుకోబెట్టేముందు పళ్ళు తోమితే చాలు.

ఐరన్ డ్రాప్స్ వల్ల పళ్ళ మీద పడే నల్లమరకలు మాత్రం ఏ పేస్టుకూ అంత తేలిగ్గా పోవు. అది పైపై మరకే, పుచ్చు కాదు, డాక్టర్ పాలిష్ చేసి తీసేస్తారు. దానికి భయపడి డ్రాప్స్ ఆపేయకండి. నాలుక మీద కాకుండా బుగ్గ లోపలికి, వెనగ్గా వేసి, వెంటనే నాలుగు చుక్కల నీళ్ళు పట్టిస్తే మరకలు తగ్గుతాయి.