"అన్నీ కలిపే సార్" అంటూ క్రూజ్ ప్యాకేజీ అమ్ముతున్నారు, అనంతపురం వాళ్ళు జాగ్రత్త

రిటైర్‌మెంట్ డబ్బుతోనో, పిల్లలు పంపిన డబ్బుతోనో అమ్మానాన్నల్ని ఓడ ఎక్కించాలనుకునేవాళ్ళు ఈమధ్య మన దగ్గర బాగా పెరిగారు. దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకు ఇక్కడి నుంచి కారులో వెళ్ళిపోవచ్చు కాబట్టి బెంగళూరు నుంచి సింగపూర్ దాకా విమానం, అక్కడి నుంచి ఓడ అని ప్యాకేజీలు అమ్ముతున్నారు. అలాంటిదే ఒకటి మా నాన్న రిటైర్‌మెంట్ డబ్బుతో మేం కొన్నాం. అమ్మిన ట్రావెల్ ఆఫీసు పేరు రాయడం లేదు, వాళ్ళతో గొడవ ఇంకా తేలలేదు. జరిగింది మాత్రం పూసగుచ్చినట్టు చెప్తాను, మీ డబ్బయినా మిగులుతుంది.

ఆఫీసులో మాకు చెప్పిన మాట ఇది: "లగ్జరీ క్రూజ్ సార్. తిండి, తాగుడు, తిరుగుడు అన్నీ దీంట్లోనే. మీరు జేబులో చెయ్యి పెట్టే పనే లేదు." వాట్సాప్‌లో పంపిన రంగుల బ్రోషర్‌లోనూ అదే రాశారు.

ఓడలో నోట్లు ఇచ్చి కొనేదేమీ ఉండదు. ఎక్కేటప్పుడే మన క్రెడిట్ కార్డును గది కార్డుకు కలిపేస్తారు, ఏం తీసుకున్నా గది లెక్కలో పడిపోతుంది. దిగే ముందు రాత్రి ఆ బిల్లు గదికి వచ్చింది. మంచం మీద పరిచి నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో లైనూ చదివారు. మనిషికి రోజుకు ఇంత అని టిప్పు. సీసా నీళ్ళు. అమ్మ అడిగిన కాఫీ, దాని మీద సర్వీస్ చార్జీ. వైఫై. పిల్లలు తాగిన కూల్‌డ్రింకులు. ఆయన ఏమీ అనలేదు, మళ్ళీ మొదటి నుంచి చదివారు. అది చూసి నాకు కడుపు రగిలిపోయింది.

ఆ టిప్పు సంగతి ముందు తెలుసుకోండి. పెద్ద ఓడల్లో మనిషికి రోజుకు దాదాపు 16 నుంచి 20 డాలర్ల దాకా, గది రకాన్ని బట్టి, దానంతటదే పడిపోతుంది. ఒకే గదిలో ఉన్నా తల లెక్కే, పిల్లలకూ పడుతుంది. 18 డాలర్ల చొప్పున నలుగురికి నాలుగు రాత్రులంటే 288 డాలర్లు, అంటే పాతిక వేల రూపాయలు. ఇది కాక బార్‌లోనో కాఫీ కౌంటర్‌లోనో ఏం కొన్నా 15 నుంచి 20 శాతం అదనం. చివరికి కార్డు బ్యాంకు కూడా ఫారిన్ కరెన్సీ చార్జీ వేస్తుంది, దాని మీద జీఎస్టీ. చాలా ఓడల్లో కౌంటర్‌కు వెళ్ళి అడిగితే టిప్పు తీసేస్తారు, కానీ మేం తీయించలేదు. మా గది శుభ్రం చేసింది గోవా అబ్బాయి, పొద్దున ఎప్పుడు చూసినా పనిలోనే ఉండేవాడు. ఆ డబ్బు వాళ్ళకు చేరేది. ఈ టిప్పు సంగతి మాకు చెప్పకుండా దాచిన మనిషి ఇక్కడ అనంతపురంలో ఏసీ కింద కూర్చున్నాడు, ఆ అబ్బాయి తప్పేముంది?

మామూలు పెద్ద ఓడల టికెట్‌లో సాధారణంగా వచ్చేవి గది, బఫే, పెద్ద డైనింగ్ హాల్లో భోజనం, మామూలు నీళ్ళు, టీ, సాదా కాఫీ, షోలు, స్విమ్మింగ్ పూల్. స్పెషల్ రెస్టారెంట్లు, మద్యం, కూల్‌డ్రింకులు, వైఫై, రేవుల్లో టూర్లు, డాక్టరు ఫీజు వేరు. నిజంగా అన్నీ కలిపే ఓడలు లేవని కాదు. రీజెంట్ సెవెన్ సీస్, సిల్వర్‌సీ, సీబోర్న్ లాంటి కంపెనీల టికెట్‌లో మందు, టిప్పులు కలిసే ఉంటాయి. అవి కొన్ని వందల మంది ఎక్కే చిన్న ఓడలు, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. వేల మంది ఎక్కే ఓడకు టికెట్ అమ్ముతూ ఆ మాటలు వాడటమే మోసం.

డ్రింక్స్ ప్యాకేజీ అంటగడితే ఇంకా జాగ్రత్త. కొన్ని కంపెనీల్లో గదిలో పెద్దవాళ్ళు ఒకరు మందు ప్యాకేజీ తీసుకుంటే ఇంకొకరూ తీసుకోవాల్సిందే. జన్మలో చుక్క ముట్టని మా అమ్మ పేరు మీద కూడా కొనమన్నారు. వద్దన్నాం.

ఇక గది. "సీ వ్యూ" అని డబ్బు ఎక్కువ తీసుకున్నారు. కిటికీ తెర తీస్తే ఎదురుగా నారింజ రంగు లైఫ్‌బోటు, దాన్ని కట్టిన ఇనుప తాళ్ళు. సముద్రం బోటు కింద జానెడు కనిపించేది. ఇలాంటి గదుల్ని కంపెనీలు అడ్డు ఉన్న గదులని చెప్పే తక్కువ ధరకు ఇస్తాయి, బుకింగ్ కాగితంలోనూ ఆ మాట ఉంటుంది. ఆ కాగితం మాకు చూపించనే లేదు. "గ్యారంటీ క్యాబిన్" అని ఇంకొకటుంది. పేరు చూసి మోసపోకండి, ఏ గది ఇవ్వాలో కంపెనీ ఇష్టం అని దాని అర్థం.

టూర్ల పేరుతోనూ పిండుతున్నారు. మలేషియాలోని పినాంగ్‌లో ఓడ ఆగేది జార్జ్‌టౌన్ ఊరిని ఆనుకునే ఉన్న స్వెటెన్‌హామ్ పియర్ అనే రేవులో. దిగి నడిచే లిటిల్ ఇండియాకు పోవచ్చు, ఇడ్లీ దోసె దొరుకుతాయి. దానికీ మా దగ్గర "సిటీ టూర్" అని విడిగా కట్టించుకున్నారు. సొంతంగా తిరిగితే టైమ్ మాత్రం చూసుకోండి, ఆలస్యమైతే ఓడ ఆగదు. వాతావరణం బాగాలేక ఒక రేవుకు వెళ్ళకపోయినా టికెట్ డబ్బు వాపసు ఇవ్వరు, మహా అయితే ఆ రేవు పన్ను తిరిగొస్తుంది. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లోనే పెట్టండి, సముద్రం మధ్యలో ఓడ నెట్‌వర్క్ పట్టుకుంటే రోమింగ్ బిల్లు మామూలుగా ఉండదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించింది టీసీఎస్, అంటే అమ్మేవాళ్ళే మన దగ్గర ముందుగా వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్ళు ఆ పన్ను వసూలు చేయాలి, నిజమే. కానీ అది మన పాన్ మీద జమ కావాలి, రిటర్న్ వేసేటప్పుడు మన పన్నులో సర్దుకోవచ్చు, వాపసూ అడగొచ్చు. నాన్న దగ్గర వసూలు చేసింది ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఇంతవరకు కనిపించలేదు. డబ్బు ఆఫీసు ఖాతాకు కాకుండా ఎవరిదో సొంత ఫోన్‌పే నంబర్‌కు కట్టమంటే అక్కడే ఆగిపోండి. జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లు ఇవ్వకపోతే రూపాయి కూడా కట్టకండి.

తిరిగొచ్చి అడిగితే, "అది ఓడ వాళ్ళ రూల్, మాకేం సంబంధం" అన్నారు. అప్పుడే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫిర్యాదు చేశాం. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఆఫీసు బెంగళూరులో ఉన్నా సరే. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. బ్రోషర్, వాట్సాప్ మెసేజ్‌లు, రసీదులు డిలీట్ చేయొద్దు, పారేయొద్దు.

ఇలాంటి ప్యాకేజీకి ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్ళుంటే, మిగతా డబ్బు కట్టకముందే ఓడ కంపెనీ ఇచ్చిన బుకింగ్ నంబర్ అడగండి. ఆ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్ళి గది నంబర్, టిప్పులు కట్టారా లేదా, ఏమేం కలిసి ఉన్నాయో చూసుకోండి. తేదీ దగ్గరపడేకొద్దీ క్యాన్సిల్ చేస్తే పోయే డబ్బు పెరుగుతుంది, కాబట్టి ఈ పని ఈ వారమే చేయండి.