పద్యనాటకం కోసం బెజవాడ, గుంటూరు: ఎక్కడ దిగాలి, ఎక్కడ కూర్చోవాలి

పద్యనాటకాన్ని ఫోన్లో ఐదు నిమిషాలు చూసి "ఏంటీ సాగదీత" అని పక్కన పెట్టేసినవాళ్లు ఒక్కసారి విజయవాడ వెళ్లి, హాల్లో ముందు వరసల్లో కూర్చుని వినాలని నా కోరిక. బయటి దేశాల్లో పాటలతో నడిచే నాటకాల కోసం జనం విమానాలెక్కి వెళ్తారు, టికెట్ల కోసం నెలల ముందు నుంచి కాచుకుంటారు. మనకి అలాంటిది నూరేళ్లకు పైగా ఉంది. కథంతా పద్యం మీదే నడుస్తుంది, వేషం కట్టినవాళ్లే పాడతారు, పక్కనే హార్మోనియం, తబలా ఉంటాయి, పైగా చాలాసార్లు టికెట్ కూడా ఉండదు. మాది ఒంగోలు. మా పెదనాన్న తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు, వయసులో ఉన్నప్పుడు ఊళ్లో అర్జునుడి వేషం కూడా వేశారు. ఆయన్ని తీసుకుని కొన్నేళ్లుగా బెజవాడ, గుంటూరు తిరుగుతున్నాను. పెద్దవాళ్లతో ఇలా వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. ఒంగోలు నుంచి విజయవాడకి రైళ్లకి కొదవ లేదు. పొద్దున చెన్నైలో బయల్దేరే వందేభారత్ ఒంగోల్లో ఆగుతుంది, మధ్యాహ్నానికి విజయవాడలో దింపుతుంది, నాటకం సాయంత్రం కాబట్టి రూములో కాసేపు నడుం వాల్చడానికి టైం ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషితో వెళ్తే ఇదే నయం. కానీ పెదనాన్నకి మామూలు ఎక్స్‌ప్రెస్సే ఇష్టం, ఎందుకంటే దారంతా నాటకాల ఊళ్లే. బాపట్ల రాగానే స్థానం నరసింహారావు గారి గురించి మొదలుపెడతారు. 1902లో అక్కడ పుట్టిన ఆయన సత్యభామ వేషంలో రంగం మీదకి వస్తే ఆడవాళ్లు కూడా ఆ నడక, ఆ చీరకట్టు చూసి నేర్చుకునేవారని చెప్పుకుంటారు, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. తెనాలి వస్తే ఇంక ఆపలేం. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది ఆ ఊళ్లోనే, కృష్ణుడి వేషంలో నోట్లో వేలు పెట్టి ఈల మీదే రాగం వినిపించిన ఈలపాట రఘురామయ్య గారి సుద్దపల్లి కూడా ఆ చుట్టుపక్కలే. కిటికీ పక్కన కూర్చుని ఇవన్నీ వింటూ వెళ్తే నాటకం సగం రైల్లోనే మొదలైపోతుంది.

విజయవాడలో ఎక్కువగా నాటకాలు పడేది తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో. మువ్వ గోపాల పదాలు రాసిన క్షేత్రయ్య పేరు పెట్టిన హాలు, స్టేషనుకీ బస్టాండుకీ దగ్గర కాబట్టి బయటి ఊళ్లవాళ్లకి సుఖం. స్టేజీ పెద్దది, దర్బారు సీన్లకి అది కావాలి, తెరలు, సింహాసనం, పరివారం అన్నీ పట్టి ఇంకా నటుడు నడవడానికి చోటు మిగలాలి కదా. గాంధీనగర్లో హనుమంతరాయ గ్రంథాలయం హాలు చిన్నది, ఏకపాత్రలకి, చిన్న నాటికలకి నాకు అదే బాగుంటుంది, నటుడి ముఖం దగ్గరగా కనిపిస్తుంది. ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత కళాశాలలో కూడా కార్యక్రమాలు జరుగుతుంటాయి. అక్కడ వినేవాళ్లలో సంగీతం తెలిసినవాళ్లు ఎక్కువ, పద్యం మధ్యలో ఎవరూ మాట్లాడరు, పెదనాన్నకి ఆ ఒక్కందుకే అక్కడికి వెళ్లాలనిపిస్తుంది.

ఎక్కడ కూర్చోవాలనేది నా లెక్కలో హాలు కంటే ముఖ్యం. మధ్య వరసలో, సరిగ్గా నడిమధ్య కూర్చుంటే అంతా బాగా కనిపిస్తుందనుకుంటాం, కానీ పద్యనాటకానికి హార్మోనియం ఉన్న వైపు, ముందు నుంచి నాలుగైదు వరసల్లోపు కూర్చోవాలి. మొదటిసారి పెదనాన్న నన్ను లాక్కెళ్లింది అందుకే. "పెట్టె మాస్టారి వైపు కూర్చుందాం పదమ్మా, అసలు నాటకం అక్కడ ఉంటుంది" అన్నారు, పెట్టె అంటే హార్మోనియమే. నిజమే. ఆ రోజు హరిశ్చంద్ర కాటిసీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం అది, అయితే కాటిసీనులో జనం ఎదురుచూసే పద్యాలు మాత్రం వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారివి, నాటకంలోకి తర్వాత వచ్చి చేరి ఇప్పుడు విడదీయలేనంతగా కలిసిపోయాయి. హరిశ్చంద్రుడు వేసినాయన భుజాన గొంగళి, చేతిలో కర్రతో వచ్చి నిలబడ్డాడు, వెంటనే ఏమీ పాడలేదు. హార్మోనియం ఆయన శ్రుతి పట్టుకుని, రాగాన్ని కొంచెం తెరిచి ఆగాడు. నటుడు అందుకుని పద్యం చివరి పాదానికి వచ్చాక ఆఖరి అక్షరం మీద రాగం తీయడం మొదలెట్టాడు, ఆయన మెడ నరాలు ఉబ్బుతున్నాయి, హార్మోనియం మాస్టారి కళ్లు ఆ నోటి మీదే ఉన్నాయి, వేళ్లు మెట్ల మీద నటుడి గొంతుకి ఒక్క క్షణం వెనకగా పోతున్నాయి, గొంతు ఎటు తిరిగితే అటు. ఎప్పుడు ఆపుతాడో ఆయనకి కూడా తెలియదు. ఆపగానే ఇద్దరూ ఒకేచోట దిగారు. పక్కన కూర్చున్న పెద్దమనిషి తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఇదంతా వీడియోలో రాదు, కెమెరా నటుడి మీదే ఉంటుంది, ఆ రెండో మనిషి కనిపించడు.

మైకుల గురించి చెప్పాలి, ఎందుకంటే ప్రయాణం చేసి వచ్చినవాళ్లని ఎక్కువ బాధపెట్టేది అదే. ఒక హాల్లో (పేరు ఎందుకులెండి) కాలర్ మైకులు కిరీటాలకీ దండలకీ తగిలి టపటపమంటూనే ఉన్నాయి, స్పీకర్ల పక్కన కూర్చున్నవాళ్లకి పద్యంలో ఒక్క మాటా తెలియలేదు. ఆరున్నర శ్రుతిలో, అంటే అంత పైస్థాయిలో, పాడగలిగిన గొంతుకి అంత సౌండు ఎందుకు? నిర్వాహకులు ఎవరైనా చదువుతుంటే నా మనవి ఒకటే, సౌండు తగ్గించండి, హార్మోనియానికి మాత్రం మంచి మైకు ఒకటి పెట్టండి. స్పీకర్లకి ఎదురుగా సీటు దొరికితే వరస మార్చుకోవడమే మేలు.

బస దగ్గర నేను ఒక్క నియమం పెట్టుకున్నాను, హాలుకి దగ్గరగా ఉండాలి. ఆహ్వానం కార్డు మీద నాటకం ఆరు గంటలకి అని ఉంటుంది. సభ, సన్మానాలు, జ్ఞాపికలు, ఫొటోలు అయ్యేసరికి ఏడున్నర, నాటకం పదింటికో పదిన్నరకో వదులుతారు. బెంజి సర్కిల్ వైపు పెద్ద హోటళ్లు శుభ్రంగా ఉంటాయి, కానీ ఆ టైంలో అంతదూరం ఆటో అంటే బేరం తప్పదు. గవర్నరుపేట, గాంధీనగర్ వైపు మధ్యరకం లాడ్జీలు మాకు సరిపోయాయి, ఏసీ డబుల్ రూము 1,400 రూపాయల దగ్గర దొరికింది, వేడినీళ్లు పొద్దున మాత్రమే. ఒక లాడ్జీలో అయితే రాత్రి పదకొండు దాటితే గేటుకి తాళం వేసేస్తారని దిగేటప్పుడు చెప్పనేలేదు, పెదనాన్న మెట్ల మీద కూర్చుండిపోయారు, వాచ్‌మన్ లేచి వచ్చేదాకా నాకు ఒకటే టెన్షన్. అందుకే రూము తీసుకునేటప్పుడే రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో అడగండి, లిఫ్ట్ ఉందా అనీ అడగండి. ఫోన్లో యాప్ ద్వారా బుక్ చేసుకున్న ఒకసారి కౌంటర్లో "మాకు ఆ బుకింగ్ రాలేదు" అన్నారు, డబ్బులు తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. అప్పటి నుంచి నేరుగా లాడ్జీకే ఫోన్ చేస్తున్నాను.

ఒంటరిగా వెళ్లేవాళ్లకి, తెల్లవారుజామున రైలు ఉన్నవాళ్లకి స్టేషన్ రిటైరింగ్ రూములు మంచివి. కన్‌ఫర్మ్ అయిన టికెట్ పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో ముందే తీసుకోవచ్చు, డార్మిటరీ మంచం కూడా దొరుకుతుంది. చవక, భద్రం, రైలు అనౌన్స్‌మెంట్లు మాత్రం రాత్రంతా చెవిలో పడతాయి, నిద్ర పలచనైనవాళ్లకి పడదు. ఇంకో మాట, దసరా నవరాత్రుల్లో నాటకం ఉందని తెలిస్తే రూము ముందు చూసుకుని తర్వాత రైలు టికెట్ తీసుకోండి. కనకదుర్గమ్మ దర్శనానికి వచ్చే జనంతో ఊరంతా నిండిపోతుంది, మూలా నక్షత్రం రోజు సంగతి చెప్పక్కర్లేదు.

తిండికి బెజవాడలో లోటు లేదు, కానీ నాటకానికి ముందే తినేయాలి. నాటకం వదిలే టైంకి మంచి హోటళ్లు బల్లలు తుడుస్తుంటాయి, స్టేషన్ దగ్గర దొరికేది పెద్దవాళ్లకి సరిపడదు. మేము సాయంత్రం ఐదింటికే టిఫిన్ చేసి, రాత్రికి అరటిపళ్లు, పెరుగన్నం పొట్లాం రూములో ఉంచుకుంటాం. మర్నాడు పొద్దున గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తింటే రాత్రి అలసట పోతుంది.

ఇక గుంటూరు. విజయవాడ బస్టాండు నుంచి నాన్‌స్టాప్ బస్సులు వెంటవెంటనే ఉంటాయి, ట్రాఫిక్ లేకపోతే గంటలో చేరతాం. 2023 డిసెంబరు 23 నుంచి 29 దాకా రాష్ట్ర ప్రభుత్వం జరిపే నంది నాటకోత్సవాలు గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగాయి, ప్రవేశం ఉచితం. పద్యనాటకాలతో పాటు సాంఘిక నాటకాలు, నాటికలు, పిల్లల నాటికలు, కాలేజీ విద్యార్థులవి, అన్నీ వరసగా. ఒకదాని తర్వాత ఒకటి చూస్తుంటే ఏ నాటక సమాజం ఎంత సాధన చేసి వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది. గుంటూరు ప్రేక్షకులు నాకు బాగా నచ్చారు. మిరపకాయల వ్యాపారం చేసే మనుషులు, రిటైరైన మాస్టార్లు, పక్క ఊళ్ల నుంచి వచ్చిన రైతులు, పద్యం ఎత్తుకోగానే పెదాలతో తామూ అంటుంటారు, నటుడు ఒక మాట మింగితే వెనక నుంచి అందిస్తారు. బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర అన్నమయ్య కళావేదిక మీద కూడా సాయంత్రాలు కార్యక్రమాలు ఉంటాయి, గుడికి వెళ్లినట్టూ ఉంటుంది. బస మాత్రం నా మట్టుకు విజయవాడలోనే పెట్టుకుంటాను, రైళ్ల వీలు అక్కడ ఎక్కువ. ఉత్సవం వరసగా కొన్ని రోజులు ఉంటే మాత్రం గుంటూరులోనే దిగాలి, రోజూ రాత్రి పదకొండింటికి బస్సెక్కి రావడం పెద్దవాళ్ల వల్ల కాదు.

మొదటిసారి వెళ్లేవాళ్లు పోటీ నాటకానికి వెళ్లాలా, జయంతికో వర్ధంతికో వేసే నాటకానికి వెళ్లాలా అంటే నేను రెండోదే అంటాను. పోటీలో టైం లెక్క ఉంటుంది, న్యాయనిర్ణేతలు కూర్చుని ఉంటారు, నటులు గడియారం చూసుకుంటూ పద్యాన్ని బిగబట్టి పాడతారు, వన్స్ మోర్‌కి చోటు ఉండదు. వర్ధంతి సభల్లో సన్మానాలు భరించాలి, ఆ గంట కష్టమే, కానీ తర్వాత నటుడికి తొందర ఉండదు. ఒకసారి అలాంటి సభలో, రాయబారం సీనులో కృష్ణుడి పద్యానికి వన్స్ మోర్ అంటే ఆ నటుడు నవ్వి, హార్మోనియం వైపు తిరిగి, రెండోసారి అదే పద్యాన్ని ఇంకో రకంగా అందుకున్నాడు. రెండోసారిది నాకు ఇంకా బాగుంది. నాకు తెలిసినంతలో ఎవరూ, పాడటం రానివాళ్లు కూడా, అలా విన్నాక నాటకం బాగాలేదు అనరు.

తేదీలు తెలుసుకోవడానికి దినపత్రికల ఎన్టీఆర్ జిల్లా, గుంటూరు జిల్లా పేజీల్లో "నగరంలో నేడు" లాంటి చిన్న శీర్షికలు చూడండి, పెద్ద ప్రకటనలు రావు. ఒకసారి వెళ్లినప్పుడు నిర్వాహకుల్లో ఎవరికైనా మీ వాట్సాప్ నంబరు ఇస్తే ఆ తర్వాత ఆహ్వాన పత్రికలు వాళ్లే పంపుతారు, బయటి ఊరి నుంచి వస్తున్నారంటే ముందు వరసలో కుర్చీ కూడా అట్టేపెడతారు. బయల్దేరే రోజు పొద్దున ఒకసారి ఫోన్ చేసి నాటకం ఉందో లేదో ఖాయం చేసుకోండి, ముఖ్య నటుడికి గొంతు బాగాలేక ఆఖరి నిమిషంలో నాటకం మారడం మామూలే. పెద్దవాళ్లకి హాల్లో ఏసీ చలికి ఒక శాలువా, మంచినీళ్ల సీసా, రాత్రి వేసుకోవాల్సిన మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకోండి, రూములో పెట్టి వస్తే పదిన్నరకి గానీ అందవు.