వెనక స్పీకర్లా, ముందు తలుపులా, సబ్‌వూఫరా: ఏది మేలు?

కారులో ముందు రెండే స్పీకర్లున్నాయి, వెనక ఇంకో రెండు పెట్టిస్తే పాట నిండుగా వినిపిస్తుందా అని ఎవరైనా అడిగితే, నేను ముందుగా అడిగేది ఒక్కటే: వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు? రోజూ ఒంటరిగానో, పక్కన ఒకరితోనో తిరిగే కారు వేరు. పిల్లలో, పెద్దవాళ్లో ఎప్పుడూ వెనక ఉండే కారు వేరు. వెనక స్పీకర్లు వెనకవాళ్ల కోసం. ముందు కూర్చున్నవాళ్లకు పాట బాగా వినిపించడానికి వాటి మీద డబ్బు పెట్టడం చాలాసార్లు దారి తప్పడమే.

ఎందుకంటే పాటలు ఎక్కువగా స్టీరియోలోనే వస్తాయి. అంటే కుడి, ఎడమ అని రెండే చానెళ్లు. గాయని గొంతు మన ఎదురుగా, డాష్‌బోర్డు మీద ఎక్కడో నిలబడి వినిపించాలి, వాయిద్యాలు అటూ ఇటూ సర్దుకోవాలి. వెనక స్పీకర్లకు కొత్తగా ఇవ్వడానికి వేరే సంగీతం ఏమీ ఉండదు, ముందు వచ్చేదే వెనకా వస్తుంది. రెండు జతలనూ ఒకే స్థాయిలో మోగిస్తే ఆ గొంతు ఎదురుగా నిలవదు, తల చుట్టూ చెదిరిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే స్వరం రెండు చోట్ల నుంచి చెవికి చేరేటప్పుడు, ఆ రెండు దూరాల మధ్య తేడా ఆ స్వరం తరంగదైర్ఘ్యంలో సగం ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 200 హెర్ట్జ్ దగ్గర ఆ తేడా సుమారు 85 సెంటీమీటర్లు. ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య అంత తేడా రావడం ఏమంత అరుదు కాదు. గొంతులోని బరువు, తబలా దెబ్బలోని నిండుదనం చాలావరకు ఈ ప్రాంతంలోనే ఉంటాయి. అందుకే స్పీకర్లు పెరిగినా పాట పలచబడినట్టు అనిపించే సందర్భాలుంటాయి.

మరి పెట్టించుకున్న రోజు అంత బాగుందని ఎందుకనిపిస్తుంది? సౌండ్ పెరుగుతుంది కాబట్టి. హెడ్ యూనిట్‌లోని (డాష్‌బోర్డులో ఉండే కారు స్టీరియో) నాలుగు స్పీకర్ చానెళ్లూ పనిచేయడం మొదలైతే మొత్తం పవర్ రెట్టింపవుతుంది, అంటే దాదాపు 3 డెసిబెల్స్ ఎక్కువ. కాస్త గట్టిగా వినిపించినదే మంచిదని చెవి నమ్ముతుంది. నేనూ మొదట అలాగే నమ్మాను. వారం తర్వాత ఫేడర్ (ముందు, వెనక స్పీకర్ల మధ్య సౌండ్‌ను పంచే సెట్టింగ్) పూర్తిగా ముందుకు తిప్పి, తగ్గినంత వాల్యూమ్ మళ్లీ పెంచి, అదే పాట విన్నాను. గొంతు స్పష్టంగా ముందుకు వచ్చి నిలబడింది. ఇప్పటికే నాలుగు స్పీకర్లున్న కారు మీకు దొరికితే, మీ కారుకు వెనక స్పీకర్లు కొనేముందు అందులో ఈ పరీక్ష తప్పకుండా చేయండి. వాల్యూమ్ సమానం చేయకుండా పోలిస్తే మాత్రం పరీక్షకు అర్థం లేదు.

నా లెక్కలో ముందు తలుపులదే మొదటి స్థానం. కంపెనీ స్పీకర్లు చాలా కార్లలో తేలికపాటివే, కాబట్టి వాటిని మారిస్తే తేడా తెలుస్తుంది. కానీ దానికంటే పెద్ద తేడా తలుపు వల్ల వస్తుంది. స్పీకర్‌కు ఆ తలుపే పెట్టె. లోపలి రేకులో పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి. కోన్ (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే భాగం) వెనక నుంచి వచ్చే గాలి తరంగం ఆ రంధ్రాల గుండా ముందుకు వచ్చి బేస్‌ని తినేస్తుంది. ఆ రంధ్రాలు మూసి, బయటి రేకు లోపలి వైపు అదురును అణచే బ్యూటైల్ రబ్బరు డాంపింగ్ షీట్లు అతికించి, స్పీకర్‌ను గట్టి రింగ్ మీద బిగిస్తే, పాత స్పీకర్లే కొత్తవాటిలా మోగుతాయి. నీళ్లు కారిపోవడానికి తలుపు అడుగున ఉండే సందులను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు, మూస్తే తుప్పు పడుతుంది. ఈ పనికి ఓపిక కావాలి, ఒక పగలంతా పడుతుంది. అయినా పెట్టిన ప్రతి రూపాయికీ ఇంత ఫలితం ఇంకెక్కడా రాదని నా గట్టి నమ్మకం.

నిండుగా లేదు అని చాలామంది అనేది నిజానికి బేస్ లేదనే. దానికి మందు సబ్‌వూఫర్, అంటే బేస్ కోసమే ఉండే స్పీకర్. సుమారు 80 హెర్ట్జ్ కంటే కింది శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి సరిగ్గా పట్టుకోలేదు. కాబట్టి డిక్కీలో పెట్టినా అది ముందు స్పీకర్లతో కలిసిపోతుంది. పైగా ఆ బేస్ బరువు దింపేశాక తలుపు స్పీకర్లు ఇంకా శుభ్రంగా మోగుతాయి. హైవే మీద టైర్ల మోత కప్పేసేది ఎక్కువగా బేస్‌నే, అక్కడ సబ్ విలువ తెలుస్తుంది. నాలుగు చానెళ్ల యాంప్లిఫైయర్ కొంటే రెండు చానెళ్లు ముందు స్పీకర్లకు ఇచ్చి, మిగతా రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే ఒకటిగా కలిపి సబ్‌కు ఇవ్వొచ్చు. డిక్కీలో చోటు పోతుందనేదే ఇబ్బంది, అదీ కష్టమైతే సీటు కింద పట్టే చిన్న సబ్‌లు ఉన్నాయి.

సెడాన్‌లో వెనక పార్సెల్ షెల్ఫ్ (వెనక సీటు వెనక, అద్దం కింద ఉండే పలక) మీద పెట్టే 6x9 అంగుళాల స్పీకర్ల సంగతి వేరు. డిక్కీ మొత్తం వాటికి పెట్టెలా పనిచేస్తుంది కాబట్టి సబ్ లేకుండానే మంచి బేస్ వస్తుంది. అయితే పాటను వెనక్కి లాగేస్తాయి. హ్యాచ్‌బ్యాక్‌లో తీసిపెట్టే పలచని ట్రే మీద మాత్రం వీటిని పెట్టించకండి. ట్రే అదురుతుంది, సామాను పెట్టాలన్న ప్రతిసారీ వైర్లు ఊడదీయాలి. సడన్ బ్రేక్ పడితే అంత బరువు వెనకవాళ్ల తలల మీదికి రావచ్చు.

ఇక వెనక సీటు రోజూ నిండే కారైతే, వెనక తలుపుల్లో స్పీకర్లు పెట్టించాల్సిందే, ఇందులో నాకు సందేహం లేదు. ముందు సీట్ల వీపులు పై స్వరాలను అడ్డుకుంటాయి, వెనకవాళ్లకు మాటలు ముద్దగా వినిపిస్తాయి. వాళ్ల కోసం వాల్యూమ్ పెంచితే నడిపేవారి చెవులు నొప్పెడతాయి. పెద్ద ఖర్చు అక్కర్లేదు. మామూలు కోయాక్సియల్ జత (పెద్ద స్పీకర్ మధ్యలోనే పై స్వరాల చిన్న స్పీకర్ ఉండేవి) చాలు, హెడ్ యూనిట్ ఇచ్చే పవరే సరిపోతుంది. డబ్బా మీద చానెల్‌కు 50 వాట్లు అని రాసి ఉన్నా నికరంగా ఎడతెగకుండా వచ్చేది 15 నుంచి 20 వాట్లే. సీటు పక్కనే ఉండే స్పీకర్‌కు అది తక్కువేమీ కాదు. వెనక స్పీకర్లను ముందు వైర్లకే కలిపేయొద్దు. 4 ఓమ్స్ స్పీకర్లు రెండు అలా ఒకే వైర్ల మీద పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిస్తే 2 ఓమ్స్ అవుతుంది, చాలా హెడ్ యూనిట్లు అంత భారం మోయలేక వేడెక్కిపోతాయి.

పెట్టించాక ఫేడర్‌ను ముందుకు కొద్దికొద్దిగా జరపండి. డ్రైవర్ సీట్లో కూర్చుని వింటే వెనక మోగుతున్నట్టు తెలియకూడదు, ఆపేస్తే మాత్రం ఏదో తగ్గినట్టు అనిపించాలి. అక్కడ ఆపండి. హై పాస్ ఫిల్టర్ (కింది శబ్దాలను ఆపేసే సెట్టింగ్) ఉంటే వెనకవాటికి 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. బేస్ ఇంతకుముందు కంటే తగ్గిందనిపిస్తే ఒక స్పీకర్‌కు ప్లస్ మైనస్ తారుమారు అయ్యాయేమో చూడండి. నా కారులో మొదటి వారమంతా అదే జరిగింది, రెండు వైర్లు మార్చగానే సరిపోయింది.