గడగడా చదివే పిల్లకి క్లాసెందుకన్నాను

మా అమ్మాయి నాలుగో తరగతి. తెలుగు వాచకం గడగడా చదివేస్తుంది, వత్తుల దగ్గర కూడా తడబడదు. అందుకే కూకట్‌పల్లిలో మా వెనక వీధి రిటైర్డ్ టీచరుగారి సాయంత్రం తెలుగు క్లాసులో చేరుద్దామని మా ఆవిడ అంటే, నెలకు రూ.1,200 దండగన్నాను. నాలుగు నెలలైంది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మొదటిరోజు నేనూ గుమ్మంలో కూర్చున్నాను. టీచరుగారు ఒక్క వాక్యం చదివించారు: "రైతు కళ్లంలో ధాన్యం తూర్పారబట్టాడు." పిల్ల టకటకా చదివింది. ఎవరు తూర్పారబట్టారు? "రైతు." ఏం తూర్పారబట్టాడు? "ధాన్యం." ఎక్కడ? "కళ్లంలో." పరీక్షలో అయితే మూడుకి మూడు మార్కులు. "తూర్పారబట్టడమంటే ఏంటమ్మా?" అన్నారావిడ. పిల్ల నావైపు చూసి, "తూర్పు వైపు తిరిగి పట్టుకోవడం" అంది. కళ్లం అంటే కళ్లకి సంబంధించిందేదో అనుకుందట. కళ్లమంటే పంట నూర్చే చోటనీ, తూర్పారబట్టడమంటే ధాన్యాన్ని గాలికి ఎగరబోసి పొట్టు వేరుచెయ్యడమనీ దానికి తెలీదు.

తెలుగుతో చిక్కే ఇది. గుణింతాలూ వత్తులూ పట్టుబడితే అర్థం తెలియని మాటైనా రాసినట్టే పలికేయొచ్చు. ఆ గడగడ విని నేను మోసపోయాను. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు వేసిన లెక్క టీచరుగారే చెప్పారు: అక్షరాలు చదివే నేర్పునీ, మాట వింటే బోధపడే శక్తినీ గుణిస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకోవడం. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. మా పిల్లకి మొదటిది నిండుగా ఉంది. రెండోదానికి మా ఇంట్లో దొరికే తెలుగు, "బ్యాగు సర్దుకో, టిఫిన్ ఫినిష్ చెయ్" దగ్గరే ఆగిపోతుంది మరి.

ఈ క్లాసులో పుస్తకం తెరిచేది ఆఖరి పావుగంటలోనే. అంతకుముందంతా మాటలే. ఒకరోజు చేట, జల్లెడ, కాస్త ఊక కలిపిన బియ్యం తెచ్చి పెట్టారు. ఎనిమిదిమందీ వంతులవారీగా చెరిగారు. మా అమ్మాయి చేట ఎగరేస్తే సగం గింజలు గచ్చు మీదే. చెరగడానికి చేట, జల్లించడానికి జల్లెడ, తూర్పారబట్టడానికి గాలి. ఈ తేడా పిల్లల నోటితోనే చెప్పించారు. "అది ఇలా ఇలా చేశాం" అంటే ఒప్పుకోరు. ఏది? ఎలా? మళ్లీ చెప్పు. వారం తిరిగాక అవే మాటలు ఇంకో కథలో ఎదురవుతాయి.

మొన్న పేపర్లో "సర్కారును తూర్పారబట్టిన ప్రతిపక్షం" అని హెడ్డింగు చూసి, "ఇక్కడ పొట్టు ఎవరు నాన్నా?" అనడిగింది. నేను టీ తాగడం ఆపేశాను.

ఫిర్యాదులు లేకపోలేదు. ఆరింటికని చెప్పి ఆరూ ఇరవైకి మొదలెడతారు. రాత అసలు చేయించరు, డిక్టేషన్‌లో మా పిల్ల మార్కులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్షరాలే సరిగా రాని పిల్లలకి ఈ క్లాసు ఇప్పుడే వద్దు. ఆవిడే వెనక్కి పంపి ముందు గుణింతాలు నేర్పించుకు రమ్మంటారు. ఆ లెక్క అటునుంచీ సున్నా అవుతుంది కదా.

నావి నాలుగు నక్షత్రాలు. సోమ, బుధ, శుక్రవారాలు క్లాసు. చేరిస్తే మొదటిరోజు మీరూ గుమ్మంలో కూర్చోండి. ఇంట్లో చేట ఉంటే పట్టుకెళ్లండి, అక్కడున్నది ఒక్కటే.