వంశం వెతకాలంటే అవ్వ మాటా, ఎగ్మోర్ కాగితమా?

చెన్నైలో మూడు నాలుగు తరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లలో "మనదే ఊరు?" అంటే చాలాచోట్ల వచ్చే జవాబు "నెల్లూరు వైపు" అని. ఆ 'వైపు'లో సూళ్లూరుపేట, గూడూరు, కావలి, ఒక్కోసారి ఒంగోలు కూడా కలిసిపోతాయి. ఆ ఒక్క మాట పట్టుకుని ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు, అంటే ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోటుకు, వెళ్తే చేతులూపుకుంటూ తిరిగి రావాల్సిందే. అక్కడి కాగితాలు ఇంటిపేర్ల వరుసలో ఉండవు. శాఖ, సంవత్సరం, జీవో నంబరు వరుసలో ఉంటాయి. జిల్లా, తాలూకా, ఊరు, ఉజ్జాయింపుగా ఒక సంవత్సరం తెలిస్తేనే ఏ సంపుటం అడగాలో తేలుతుంది. ఆ నాలుగూ చెప్పగలిగేది ఇంట్లో పెద్దవాళ్లే.

కాబట్టి మొదలు పెట్టాల్సింది అవ్వ దగ్గరే. కాకపోతే "మన చరిత్ర చెప్పవ్వా" అంటే రాయలవారి కథ వస్తుంది. "అవ్వా, నీకు పుట్టెంటికలు ఏ గుళ్లో తీశారు? మన ఇలవేల్పు ఎక్కడ? మీ అత్తగారి పుట్టిల్లు ఏ ఊరు?" అనడగాలి. కాపురం ఎన్ని ఊళ్లు మారినా ఇలవేల్పు గుడి తొందరగా మారదు. పిల్లనిచ్చి పుచ్చుకున్న ఊళ్లు నాలుగైదు తెలిస్తే చాలు, వాటిని మ్యాపు మీద గుర్తు పెడితే సొంతూరు ఆ చుట్టుపక్కలే ఎక్కడో ఉంటుంది. ఈ లెక్కలు మగవాళ్లకంటే ఆడవాళ్లకే బాగా తెలుసు.

సంవత్సరం అడగొద్దు, గుర్తు అడగండి. "ధాత కరువులో వచ్చారట" అంటే 1876-78 నాటి మహాకరువు. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది గనక 1816, 1936 కూడా ధాతలే, కానీ కరువు మాట జత కలిస్తే సందేహం అక్కర్లేదు. "నందన కరువు", "డొక్కల కరువు" అంటే 1832-33, గుంటూరు సీమ. బెజవాడ నుంచి నేరుగా రైలెక్కి వచ్చారంటే 1899 తర్వాతి మాట, అంతకుముందు ఆ దారి పూర్తి కాలేదు. "పడవలో వచ్చి దిగారు" అన్నా కొట్టిపారేయొద్దు. రైలు రాకముందు కోస్తా సరుకూ జనమూ బకింగ్‌హాం కాలువ మీద కూడా మద్రాసు చేరేవి.

మాట ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పుకోవాలి. తద్దినంలో చెప్పేది తండ్రి, తాత, ముత్తాత, మూడు పేర్లే. పెళ్లి ప్రవరలోనూ అంతే. నాలుగోవాడు జారిపోయి, ఆపైన ఏకంగా మూలపురుషుడు వచ్చి కూర్చుంటాడు. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో ఇద్దరు వెంకయ్యలు కలిసి ఒక్కడైపోతారు. తరానికి పాతికో ముప్పయ్యో ఏళ్లు వేసి చూడండి. వందేళ్ల లెక్కలో ఇద్దరే మనుషులుంటే మధ్యలో ఒకరో ఇద్దరో మాయమైనట్టే.

ఇక కాగితం. అది భూమి వెంట నడుస్తుంది. ఇనాం భూములు, అంటే పన్ను లేకుండానో తగ్గించో దానంగా ఇచ్చిన భూములు, ఉన్న ఇంటికి ఇనాం రిజిస్టరును మించిన ఆస్తి లేదు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారు చేయించిన ఫెయిర్ రిజిస్టర్లలో ఇనాం ఎవరిచ్చారు, మొదట ఎవరు పుచ్చుకున్నారు, ఇప్పుడెవరి అనుభవంలో ఉంది, అతని వయసెంత, మొదటివాడికి ఇతనేమవుతాడు అని గళ్లు గీసి రాశారు. ఒక్క పేజీలో మూడు నాలుగు తరాలు తేలొచ్చు. బయల్దేరే ముందు ఆ జిల్లా సంపుటం ఎగ్మోర్‌లో ఉందా, ఆంధ్రకు తరలిందా అని కనుక్కోండి. ఇనాం లేకపోతే రిజిస్ట్రారాఫీసు. అక్కడిచ్చే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) పార్టీల పేర్లూ దస్తావేజు నంబరూ దొరుకుతాయి గానీ వంశం వరస దొరకదు. ఆ నంబరుతో భాగపరిష్కార దస్తావేజు (ఆస్తి పంపకాల పత్రం) సర్టిఫైడ్ కాపీ తీయించాలి. "ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానావారి కుమారుడు" అన్న వరస, అన్నదమ్ముల వాటాలు అందులో ఉంటాయి.

పాత కాగితం చదివేవాళ్లు తరచుగా బోల్తా పడే చోట్లు కొన్ని ఉన్నాయి. ఫసలీకి (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, కానీ ఫసలీ జులైలో మొదలవుతుంది గనక జనవరి-జూన్ తేదీలకు 591. చంద్రగిరి, చిత్తూరు ఊళ్లను 1911కు ముందు చిత్తూరు జిల్లాలో వెతికితే దొరకవు, అప్పుడవి ఉత్తర ఆర్కాటు. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోదే. కంపెనీ కాలం కాగితాల్లో 'జెంటూ' అంటే తెలుగువాళ్లు, 'మలబార్' అంటే చాలాచోట్ల తమిళులే. తమిళ లిపిలో గ, క ఒకటే, బ, ప ఒకటే. కాబట్టి గంగయ్యను కంగయ్యగా, బాలయ్యను పాలయ్యగా కూడా చూడండి. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇనీషియల్‌ది. ఆంధ్రలో 'వి. రామయ్య'లోని వి ఇంటిపేరు, చెన్నైలో ఒక తరం గడిచాక అదే వి తండ్రి వెంకయ్య. ఇంటిపేరు అక్కడే పోతుంది. నగరపు పాత జనన రిజిస్టర్లలో చాలామంది పిల్లలకు పేరే ఉండదు, 'మగ శిశువు' అని ఉంటుంది. తండ్రి పేరూ తేదీతో వెతకాలి.

భూమి లేని ఇళ్లకు ఈ కాగితాల్లో చోటు తక్కువ. అయితే ఆ ఇంటి కొమ్మ ఒకటి మద్రాసు రేవులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు కూలికి వెళ్లి ఉంటే లెక్క తారుమారు. 1860 అక్టోబరు 12న ఇక్కణ్నుంచి కదిలిన 'ట్రూరో' మొదలు, కూలీల ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు దాకా రాశారు. తరతరాల భూమి హక్కున్న మిరాశీదారుకి లేని వివరం కూలీకి ఉంది. ఊరి పేరు దొర చెవికి వినబడ్డట్టు ఉంటుంది, అది పైకి చదివి ఆ జిల్లావాళ్లకు వినిపిస్తేనే తేలుతుంది.

ఇంకో దారి కులం చెప్పే కళాకారులది. రెడ్లకు, కాపులకు పిచ్చుగుంట్లవారు, పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివారు గోత్రాలూ వంశాలూ చెబుతారు. గోత్రం, ఇంటిపేరు కొమ్మల విషయంలో వీళ్ల మాట గట్టిది. తారీఖులకు మాత్రం ఆనుకోవద్దు.

మాటా కాగితమూ పోట్లాడితే? ఊరు, ఇంటిపేరు, చుట్టరికం దగ్గర అవ్వనే నమ్మండి, సంవత్సరం, విస్తీర్ణం, వరస సంఖ్య దగ్గర కాగితాన్ని. వయసు మాత్రం రెండిట్లోనూ ఉజ్జాయింపే. గుమాస్తా కళ్లతో చూసి నలభై అని రాసుకున్నవాడు యాభయ్యోపడిలో ఉండొచ్చు.